గాజుతొట్టిలో సముద్రపుష్పము

1828వ సంవత్సరము ఆగష్టు మాసములో స్కాట్లండు తూర్పుతీరమున నార్తు బెర్విక్ అను గ్రామముకడ, సముద్రము పాటుమీద నున్నవేళ, సర్ జాన్ గ్రాహం డాలియెల్ అను న్యాయవాది యొకడు శిలల సందులలో వెదకి, రాతి నంటుకొనియున్న మెత్తని జీవి నొకదానిని మెల్లగా ఊడదీసి, ఎడింబరో నగరమందలి తన యింటికి కొనిపోయి గాజుజాడీలో నుంచెను. ఆ జీవి 1887వ సంవత్సరము ఆగష్టులో మరణించెను. నడుమ గడచినవి ఏబదితొమ్మిది సంవత్సరములు. తెచ్చిననాటికే దానికి ఏడేండ్ల వయస్సుండునని డాలియెల్ తలంచెను. తెచ్చినవాడు 1851లోనే గతించెను. అటుపిమ్మట దానిని చేపట్టిన ఫ్లెమింగ్ పండితుడు 1857లో గతించెను. అటుపిమ్మట మెక్‌బెయిన్ అను వైద్యుడును, ఆ పిమ్మట ఎడింబరో వృక్షోద్యానపు పాలకులును దానిని సాకిరి. ఆ నగరవాసులు దానిని 'గ్రానీ' యని పిలిచిరి. మన గోదావరి జిల్లాల మాటలో చెప్పవలెనన్న, 'మామ్మగారు'.

ఆ మామ్మగారి జాతినే ఆంగ్లమున 'సీ ఎనిమొనీ' యందురు. ఎనిమొనీ యనునది ఐరోపాఖండములోని యొక తోటపువ్వు పేరు. మనము దీనిని సముద్రపుష్పమందము. పేరు పుష్పమే గాని వస్తువు జంతువు. కాండమువంటి మెత్తని దేహము, అడుగున అంటుకొను పాదము, పైన పళ్ళెమువంటి ముఖము, నడుమ నోరు, నోటిచుట్టును వ్రేళ్ళవంటి బాహువులు. ఆహారము లోనికి పోవునదియు, మిగిలినది వెలికి వచ్చునదియు ఆ యొక్క ద్వారముననే. మెదడు లేదు, కన్నులు లేవు. బాహువులలో కంటి కగపడని కోశములు వేలకొలదిగా నుండును. ఒక్కొక్క కోశములో చుట్టచుట్టుకొనిన విషపుదార ముండి, చిన్నచేప తాకిన క్షణముననే విడివడి బాణమువలె గ్రుచ్చుకొనును. జెల్లీచేపయు, పగడమును దీనికి జ్ఞాతులు. గ్రీసుదేశపు అరిస్టాటిలునకు ఈ జీవి తెలియును. గ్రుచ్చు గుణమునుబట్టి ఆ దేశస్థులు దీనికి దురదగొండి పేరే పెట్టుకొనిరి.

నాకు తెలిసిన అమలాపురపు యువకు డొకడు ఇటీవల ఇంటివసారాలో గాజుతొట్టి యమర్చుకొని, దానిలో నొక సముద్రపుష్పమును, దాని బాహువులలో కాపురముండు నారింజవన్నె చేపల జంటను పెంపదలచినాడు. "బాబాయిగారూ, సముద్రము మన యింటికి రెండామడలైనను లేదు గదా! ఓడలరేవునుండి నాలుగు డబ్బాల నీరు తెచ్చి పోసికొన్నచో చాలదా?" అని నన్నడిగెను. ప్రశ్న చిన్నది. దీనికి జవాబు తెలిసికొనుటకు ఐరోపావారికి నూరేండ్లకు పైగా పట్టినది. ఆ నూరేండ్ల కథయే నేటి ప్రసంగము. శ్రోతలలో తొట్లు పెట్టు తలంపు లేనివారు కూడ విసుగుచెందక వినగలరని నమ్ముచున్నాను. ఏలయన, ఈ కథ మధ్యలో మన గోదావరియు, మన రొయ్యల చెరువులును వచ్చును.

పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సుదేశపు లె హావర్ రేవున డిక్‌మార్ అను మతాచార్యుడు సముద్రపుష్పములను పాత్రలలో నుంచి పరీక్షించెను. అంతకు ముప్పదియేండ్ల క్రిందట ట్రెంబ్లీ యను పండితుడు మంచినీటి హైడ్రాను ముక్కలు చేయగా ముక్కముక్కయు నొక జీవియై పెరిగిన వింత ఐరోపానంతయు కదలించి యుండెను. డిక్‌మార్ ఆ మార్గముననే సముద్రపుష్పములను కోసి చూచెను. కోసినను అవి చావలేదు. పోయిన భాగములు మరల మొలచినవి. ఆయన వ్రాతలను లండనులోని రాయల్ సొసైటీ 1773 మొదలుకొని ప్రకటించెను. ఇవి విచ్చుకొను తీరునుబట్టి రాబోవు వాతావరణమును తెలిసికొనవచ్చునని గూడ ఆయన వాదించెను. పాపము, ఆ మాట నెవ్వరును పట్టించుకొన్నట్లు లేదు. కాని ఆయన కత్తివేట్లవలన నొక భ్రమ వ్యాపించినది: కోసినను చావని జీవి మొండిది, ఏ నీట వైచినను బ్రతుకునని. నేటికిని తొట్లు పెట్టుకొను క్రొత్తవారిని చెరచునది ఈ భ్రమయే. సముద్రపుష్పము గాయమునకు చావదు. నీరు చెడినచో చచ్చును.

ఈ సంగతి గ్రహించినవాడు డాలియెల్. ఎడింబరో నగరము సముద్రమునకు దాపున నున్నది. అతడు కూలి యిచ్చి సముద్రపునీరు మోయించి తెప్పించుచు, జాడీలోని పాతనీటిని పారబోసి క్రొత్తనీరు పోయుచుండెను. యంత్రము లేదు, మందు లేదు, నాచు లేదు. పక్షమున కొకమారు ఆలుచిప్ప మాంసములో సగము ముక్క ఆహారము. అంతే. మామ్మగారు ఆ జాడీలోనే పిల్లలను కనుచు వచ్చినది. ఈ జాతిలో పిల్లలు తల్లికడుపులోనే రూపముగట్టి నోటివెంట వెలువడును. కొన్నియేండ్లు గొడ్డువోయినట్లుండి, 1857లో నొక్కరాత్రి రెండువందలకు పైగా పిల్లలను కన్నదట! ఎక్కడెక్కడివారో వచ్చి చూచిపోయెడివారు. మరణించినప్పుడు ఆ వార్త పత్రికల కెక్కినది.

నేనీ కథలో విలువగట్టునది వింతను గాదు. యజమాని మారెను, ఇల్లు మారెను, రాజ్యమేలువారు మారిరి. నీరు మార్చు నియమము మాత్రము మారలేదు. ఏబదితొమ్మిది సంవత్సరములలో నొక్క నెల యెవ్వడైనను బద్ధకించియున్నచో ఆ కథ అక్కడనే ముగిసియుండెడిది. నేడు అంగడినుండి తెచ్చిన సముద్రపుష్పము క్రొత్తవాని తొట్టిలో ఏడాదియైనను నిలువక చచ్చుట సర్వసాధారణము. జీవులు రెండును ఒకే వర్గమునకు చెందినవి. భేదము కాపరియందున్నది.

అయితే సముద్రము దూరమైనవారి మాట యేమి? 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ పట్టణమునకు పోయి, అక్కడ సముద్రములో దొరకిన పగడపు పురుగులను చూచి మురిసి, లండనుకు కొనిరాదలచెను. ఆమె భర్త లండనులోని వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున మతాధికారి. దారిలో దెబ్బతినకుండ వాటిని సూదిదారములతో స్పాంజికి కుట్టి జాడీలో నుంచి తెచ్చెను. లండనులో సముద్రపునీరు రోజూ దొరకదు. కావున తెరచిన కిటికీయొద్ద ఒక పాత్రనుండి మరియొక పాత్రకు నీటిని గంటకు కొంచెము తక్కువగా ప్రతిదినము తిరుగబోయుచు గాలి పట్టించెను. ఆ పని చేసినది ఇంటి దాసి. ఆ దాసి పేరు నే చదివిన గ్రంథములలో లేదు. పిదప నీటిలో నాచు నుంచి, ఆ శ్రమ తగ్గించుకొనిరి. టీ వ్యాపారి అంగడిలో కాఫీని చల్లార్చునట్లు ఎత్తుగా తిరుగబోయుటను మనము చూచుచునే యున్నాము. నేటి తొట్లలో బుడగలు వదలు మోటారు చేయుచున్న పని అదియే.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో చేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి యుంచి, ఒకదాని విసర్జనము మరియొకదాని ఆహారమగునని చూపెను. 1852లో ఫిలిప్ హెన్రీ గాస్ ఆరోగ్యముకొరకై డెవన్ తీరమున కరిగి, సముద్రపుష్పములను సేకరించి పెంచుట కారంభించెను. ఇక్కడ నొక విచిత్రము. ఆ 1852లోనే మన ధవళేశ్వరమున కాటను దొర తలపెట్టిన ఆనకట్ట ముగిసినది. ఇచ్చట నొక ఆంగ్లేయుడు గోదావరి తీపినీరు వృథాగా ఉప్పుసముద్రము పాలుగాకుండ అడ్డుకట్ట వేయించుచుండగా, అచ్చట మరియొకడు ఉప్పునీటిని బిందెల కెత్తి ఊళ్ళలోనికి మోయుచుండెను! ఒకని పనివలన కోనసీమ అన్నపూర్ణయైనది. రెండవవాని పనివలన నేమైనదో వినుడు.

1845లో ఆంగ్లదేశమున గాజుపై పన్ను రద్దగుటచే పెద్దగాజుపలకలు చవుకయైనవి. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకొరకు మత్స్యగృహము తెరచిరి. 1854లో గాస్ 'ది ఎక్వేరియం' అను పుస్తకమును ప్రకటించెను. సముద్రపునీరు దొరకనివారికి లవణములు కలిపి కృత్రిమజలము చేయు పద్ధతిని సైతము ఆయన తెలిపెను. తినెడి ఉప్పు, భేదికి వాడు ఎప్సము లవణము, మెగ్నీషియం క్లోరైడు, పొటాసియం క్లోరైడు, ఈ నాలుగే ఆయన దినుసులు. ఇక చూడవలెను! సంపన్నుల యిండ్లలో హాలుకొక తొట్టి వెలసెను. సెలవులకు తీరమున కేగిన జనులు ఉలులు, సుత్తులు, బుట్టలు పుచ్చుకొని శిలలపై పడిరి. కొలది సంవత్సరములలో డెవన్ తీరపు నీటిగుంటలు వట్టిపోయినవి. తన పుస్తకముల ప్రచారమువలననే ఈ వినాశము కలిగినదని గాస్ తెలిసికొని మిక్కిలి నొచ్చుకొనెనని ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వ్రాసినాడు. తొట్లలో చేరిన జీవులలో నధికభాగము చచ్చెను. మోజు పదియేండ్లు దాటి నిలువలేదు. శిలలపై నివసించిన ప్రాణులు మాత్రము ఆ మోజుతోడనే పోయినవి.

అవి యెందులకు చచ్చినవి? నాచు ఉన్నను, గాలి ఉన్నను ఏల చచ్చినవి? దీనికి జవాబు విడతలుగా వచ్చినది. అల్‌ఫర్డ్ లాయిడ్ అనువాడు హాంబర్గులో 1864లోను, లండనువద్ద క్రిస్టల్ పాలెస్‌లో 1871లోను కట్టించిన శాలలలో, కనబడు తొట్లకంటె పెద్దదియగు చీకటితొట్టిని క్రింద నుంచి, యంత్రముచేత నీటిని ఎడతెగక త్రిప్పుచు, అదే నీటితో ఏండ్లు గడపెను. ఏల పనిచేసినదో ఆయన సరిగా నెరుగడు. 1890లో వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుపరచి చూపిన సూక్ష్మజీవులవలన ఆ మర్మము తెలిసినది. జంతువుల మలమునుండి పుట్టు అమ్మోనియాను ఒక తెగ సూక్ష్మజీవులు నత్రాయితముగను, రెండవ తెగ దానిని నత్రితముగను మార్చును. మొదటి రెండును విషములు. మూడవది చాలవరకు నిరపాయము. ఈ సూక్ష్మజీవులు రాళ్ళపైనను, ఇసుకలోను, గొట్టముల లోపలను కాపురము పెట్టుకొనుటకు వారములు పట్టును. నిన్న నీరు పోసి నేడు జీవిని దింపినవాని తొట్టిలో ఆ కాపురమే లేదు. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ అను నాతడు సముద్రమునుండి ప్రాణులతో నిండిన రాళ్ళను తెచ్చి తొట్టిలో నుంచినచో పెద్దయంత్రములతో పనిలేదని వ్రాసి, ఈ సంగతినే మరియొక దారిని చూపెను. అయితే మనదేశమున ఆ దారి మూసియున్నది. 2001లో పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. పగడపురాళ్ళను ఏరి తెచ్చుట నేరము. డెవన్ శిలల గతి విన్నవాడు ఈ చట్టమును తప్పుపట్టడు.

ఇక వెలుతురు మాట. ఇది నాకు అన్నిటికంటె ప్రియమైన భాగము. కొన్ని సముద్రపుష్పముల దేహములో పసుపువన్నె కణములు కలవు. అవి జంతువు కణములా, మరేమైననా యని చిరకాలము వాదము నడచెను. 1882లో పాట్రిక్ గెడ్డెస్ అను యువ స్కాట్లండు శాస్త్రజ్ఞుడు అవి నాచుకణములేయని, ఎండ తగిలినప్పుడు ప్రాణవాయువును విడుచునని, తాము చేసికొన్న ఆహారములో కొంత ఆతిథేయి కిచ్చునని వాదించి చూపెను. జంతువు నాచునకు ఇల్లిచ్చును; నాచు జంతువునకు అన్నమిడును. ఈ గెడ్డెస్ ఎవరనుకొన్నారు? కంటిచూపు దెబ్బతినియుండుటచే తరువాత సూక్ష్మదర్శినిని విడిచి నగరనిర్మాణశాస్త్రమునకు మరలి, 1914లో మన దేశమునకు వచ్చి, చెన్నరాజధాని పట్టణములనుగూర్చి నివేదికలు వ్రాసి, 1919 నుండి బొంబాయి విశ్వవిద్యాలయమున ఆచార్యత్వము వహించి, 1920లో జగదీశచంద్ర వసువు జీవితచరిత్రను ప్రకటించిన గెడ్డెస్ ఈయనయే. పాతయిండ్లను, వీధులను కూల్చక అందులో నున్న జీవనమును నిలుపుకొనుచునే ఊరును బాగుచేయవలెనని ఆయన మన పురపాలకులకు చెప్పుచుండెను. సముద్రపుష్పము పొట్టలో నాచు కాపురమును చూచిన కన్నులకే ఆ యూహ తోచినదని నేననినచో పండితు లంగీకరింపకపోవచ్చును. నా మట్టుకు నాకు అట్లే తోచుచున్నది.

అందుచేతనే వసారా మూల నీడలో పెట్టిన తొట్టిలో ఉష్ణసముద్రముల పుష్పము బ్రతుకదు. మామ్మగారి జాతికి ఆ నాచు లేదు; కావున ఎడింబరో మబ్బులలో జాడీలో నుండియు బ్రతికినది. అంగళ్ళలో అమ్ము పెద్దపుష్పములకు నాచే వంటయిల్లు. వెలుతురు చాలనిచో, లేదా నీరు ముప్పది డిగ్రీలు దాటి వేడెక్కినచో, నాచు వెడలిపోవును. పుష్పము పాలవలె తెల్లబడును. చూపరులు 'ఎంత తెలుపు, ఎంత సొగసు!' అని దానినే కొందురు. తెల్లని పుష్పము ఆకలితో నున్న పుష్పము.

నారింజవన్నె చేపల స్నేహమును లోకమునకు తెలిపినది 1868లో కాలింగ్‌వుడ్ అను నావికా ప్రకృతిశాస్త్రజ్ఞుడు. చీనా దక్షిణసముద్రములో పెద్దపుష్పముల నడుమ చేపలు భయములేక తిరుగుట ఆయన చూచెను. ఇరువదియెనిమిదికి పైగా నున్న ఈ చేపజాతులు సముద్రములో సుమారు పదిజాతుల పుష్పములనే ఆశ్రయించును. చేప ఒంటిమీది జిగురుపొర దానిని కాపాడును. 2003లో వచ్చిన యొక బొమ్మల చలనచిత్రమువలన ఈ చేప మన పల్లెల పిల్లలకును పరిచయమైనది. కాని తొట్టిలో ఈ చేపకు పుష్పము లేకున్నను లోపము లేదు. పిల్లవాని కోరిక చేపయే యైనచో, చేపతో తృప్తిపడుట మేలు.

మనదేశపు ముచ్చట కొంత చెప్పవలెను. 1909లో చెన్నపురి మెరీనా తీరమున మత్స్యప్రదర్శనశాల తెరువబడెను. అందుకు పూనుకొన్నవాడు మ్యూజియము అధ్యక్షుడగు ఎడ్గార్ థర్స్టన్. దక్షిణదేశపు కులములనుగూర్చి ఏడు సంపుటములు అదే యేట ప్రకటించినవాడు. సముద్రపు టొడ్డుననే యుండుటచే దానికి నీటికొరత లేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బాంబుల భయముతో మూసిరి, మరల తెరువలేదు. అంతకుముందు 1907లో కలకత్తాకు దక్షిణమున పోర్టు కానింగు ఉప్పుచెరువులలోని సముద్రపుష్పములను నెల్సన్ అన్నండేల్ వర్ణించెను. 1930వ దశకమున చెన్నపురి పరిసరముల ఉప్పుకయ్యల పుష్పములను ఎన్. కె. పణిక్కర్ శోధించెను. ఆయనయే 1966లో స్థాపింపబడిన జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు మొదటి అధ్యక్షుడు. ఈ యిరువురి శోధనలవలన తేలినదేమన, ఉప్పు ఎక్కువతక్కువలగు కయ్యలలోనే పుట్టిపెరిగిన పుష్పములు ఆ మార్పులకు ఓర్చుకొనగలవు. పగడపుదిబ్బల పుష్పమున కట్టి యోర్పు లేదు. పులస చేప వరదనీటి వాసన పట్టి ఉప్పునుండి తీపికి ఎదురీది రాగలదు. పుష్పమున కడుగు కదలునే గాని ఊరు కదలదు.

ఇప్పుడు ఓడలరేవు డబ్బాల సంగతికి వత్తము. 1884లో డిట్మార్ అను శాస్త్రజ్ఞుడు చాలెంజర్ నౌక ప్రపంచసముద్రముల నుండి తెచ్చిన 77 నీటిమచ్చులను విశ్లేషించి, ఉప్పు మొత్తము హెచ్చుతగ్గులైనను, అందలి లవణముల పరస్పరనిష్పత్తి అన్నిచోట్ల నొక్కటేయని చూపెను. పగడపుదిబ్బలకడ లీటరు నీటిలో లవణములు సుమారు 35 గ్రాములు. మన తీరమున ఆ లెక్క ఋతువునుబట్టి మారును. శ్రావణ భాద్రపదములలో వరదగోదావరి గౌతమిగా, వసిష్ఠగా, వైనతేయగా చీలి ఒండ్రుతో సముద్రమున పడును. అంతర్వేదికడనో, ఓడలరేవుకడనో ఆ దినములలో ముంచిన నీరు సగము నదియే. వరద తీసినపిమ్మట తేరుకొనునందమా, ఆశ్వయుజ కార్తికములలో తీరము వెంబడి ప్రవాహము ఉత్తరమునుండి దక్షిణమునకు మరలి, గంగానది మొదలగువాని తీపినీటిని మోసికొని వచ్చును. వసంతమున ప్రవాహము ఉత్తరాభిముఖమగును. అప్పుడు నీరు ఉప్పదనమును పొందును. 1950వ దశకములో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి పనిచేసిన లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, అచ్చటి పరిశోధకులును మన తీరపు టీ చక్రమును కొలిచి చూపిరి. కావున అడిగినవానికి నా జవాబు: ఫాల్గుణమునుండి వైశాఖమువరకు, నదీముఖములకును రొయ్యలచెరువుల మురుగుకాలువలకును దూరముగా, తేటనీరు దొరకినచో తెచ్చుకొనుము, కొలిచి చూడక పోయకుము. తక్కిన తొమ్మిదినెలలు మిశ్రలవణమును కొని శుద్ధజలములో కలుపుకొనుట మేలు. వంటయింటి ఉప్పు దీనికి పనికిరాదు.

కొలుచుట యనగానే పట్టణవాసులు బెదరుదురు. కోనసీమవారు బెదరనక్కర లేదు. ఐరోపావారు నూరేండ్లలో నేర్చిన విద్యను మన రైతులు రొయ్యలచెరువు గట్టుమీద ముప్పదియేండ్లలో నేర్చిరి. టైగరు రొయ్య కాలములో దెబ్బతిని నేర్చిరి; 2009లో అనుమతి పొందిన వనామీతో మరికొంత నేర్చిరి. నీటిచుక్కను అద్దముపై వైచి ఉప్పదనము చూచు పరికరము, అమ్మోనియా పరీక్షించు రంగుసీసాలు, నీటిని చిలుకు ఏరేటర్లు, ఇవన్నియు రొయ్యలమేత అమ్ము అంగళ్ళలో దొరకును. తెల్లవారుజామున రొయ్య తేలినదన్న ప్రాణవాయువు తగ్గినదని చెరువుకాపరి కెవ్వరును చెప్పనక్కర లేదు. ఆ కాపరి విద్యయే తొట్టికిని చాలును. తొట్టి చిన్నదగుటచే తప్పునకు వ్యవధి తక్కువ, అంతే భేదము.

కొన్ని జాగ్రత్తలు మాత్రము మన యిండ్లకే ప్రత్యేకములు. రాగిబిందెలోని నీరు మనకు పథ్యమని పెద్దలందురు. సముద్రపుష్పమునకు రాగి విషము. రాగి, ఇత్తడి పాత్రలు తొట్టిదరికి రానీయరాదు. ఎండకాలమున తొట్టినీరు ఆవిరియై తగ్గును. ఆవిరియగునది నీరే గాని ఉప్పు గాదు. కావున తగ్గినమేరకు ఉప్పునీరు గాక మంచినీరే పోయవలెను. తొట్టిపైన పంకా తిప్పినచో నీరు కొంత చల్లబడును, కాని మరింత త్వరగా తగ్గును. రోజూ గీత చూచి పోయవలెను. రోహిణీకార్తెలో అదియు చాలదు. చల్లార్చు యంత్రము కొనగల స్తోమత లేనివాడు పుష్పమును తేకుండుటయే మంచిది. ఆహారము వారమున కొకటి రెండు మారులు గోరంత పచ్చిరొయ్య ముక్క. ఎండురొయ్యలో ఉప్పు చేరియుండును గాన కూడదు. తొట్టి పెట్టిన ఆరునెలలవరకు పుష్పము మాట తలపెట్టరాదు. దింపిన పిదప అది తనకు నచ్చినచోటికి తానే నడచును. నచ్చకున్న రాత్రికిరాత్రి నడచి నీరుపీల్చు మోటారులో పడి నలుగును. మోటారు మూతికి స్పాంజి తొడుగు వేయవలెను.

మరియొకటి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చినపుడు దీపములు లేక ఎన్నినాళ్ళు గడపితిమో మన పెద్దవారికి జ్ఞాపకమే. విద్యుత్తు పోయిన కొలదిగంటలలో తొట్టినీట ప్రాణవాయువు సన్నగిల్లును. బ్యాటరీతో నడచు చిన్న బుడగలయంత్రము ఇంట నుండవలెను. అదియు లేనివాడు ఆనా థిన్ ఇంటి దాసివలె రెండు చెంబులు పుచ్చుకొని కూర్చుండవలసినదే. పుష్పము నోరు తెరచి మూయలేక, దేహము జావగారి, కుళ్ళువాసన వచ్చెనా, ఆశపడక వెంటనే తీసివేయవలెను. ఒక్కరాత్రి యాలస్యము చేసిన తక్కిన జీవులన్నియు దానితో పోవును.

బాహువుల కొనలు బుడగలవలె ఉబ్బు జాతి యొకటి కలదు. క్రొత్తవాని చేతికి కొంతలో కొంత లొంగునది అదియే. దానికి హాయిగా నున్న తొట్టిలో నిలువునా రెండుగా చీలి, రెండును పూర్ణజీవులై పెరుగును. ఇట్లు తొట్లలోనే చీలిన పిల్లపుష్పములు పెంపకముదారుల యొద్ద లభించును. అమలాపురపు యువకునకు నేనిచ్చిన సలహా, సముద్రమునుండి పెరికి తెచ్చినదానిని కొనక అట్టిదాని కొరకు వేచియుండుమని. అతని తొట్టిలో ప్రస్తుతము రాళ్ళును, ఇసుకయు, నీరును మాత్రమే యున్నవి. వారమునకు రెండుమారులు అమ్మోనియా కొలిచి గోడమీది క్యాలెండరులో వ్రాసికొనుచున్నాడు.